రోమన్ రాగి, ఇత్తడి, కంచు నాణేలు గుర్తుపట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత రోమన్ నాణెం చేతిలోకి రాగానే అందరూ చేసే పని ఒకటే, చక్రవర్తి పేరు చదవడానికి ట్రై చేస్తారు. అది సగం అరిగిపోయి ఉంటుంది, మూడు అక్షరాలు కనబడతాయి, వాటితో సెర్చ్ చేస్తే వందల ఫోటోలు వస్తాయి, ఒక్కటీ కలవదు, విసుగొచ్చి పక్కన పెట్టేస్తారు. నేను చెప్పేది దీనికి పూర్తిగా రివర్స్. పేరు చివర్లో చదవండి. ముందు బరువు, సైజు, లోహం చూడండి, తర్వాత తల మీద ఏముందో, ఆ తర్వాత బొరుసు వైపు బొమ్మ, అప్పుడు అక్షరాలు. ఇలా వెళ్తే బాగా అరిగిన నాణెం కూడా కనీసం ఏ శతాబ్దందో తేలుతుంది, చాలాసార్లు చక్రవర్తి దాకా వెళ్లొచ్చు. బంగారు, వెండి నాణేల గురించి ఇక్కడ పెద్దగా మాట్లాడను, ఇదంతా మామూలు జనం చేతుల్లో తిరిగిన చిల్లర గురించి.

అన్నిటినీ కంచు నాణేలే అంటారు కదా, నిజంగా అన్నీ కంచేనా?

కాదు. క్రీ.పూ. 23 ప్రాంతంలో మొదటి రోమన్ చక్రవర్తి అగస్టస్ చిల్లర మొత్తాన్ని కొత్తగా సెట్ చేశాడు. పెద్ద విలువ ఉన్నవి ఇత్తడిలో, చిన్న విలువ ఉన్నవి స్వచ్ఛమైన రాగిలో కొట్టించాడు. ఆ ఇత్తడిని వాళ్లు ఒరికాల్కం అనేవాళ్లు, రాగిలో దాదాపు ఐదో వంతు జింకు కలిసి ఉంటుంది, కొత్తగా ఉన్నప్పుడు బంగారంలా మెరిసేది. రాగిలో తగరం కలిపిన అసలు కంచు, సీసం కలిపిన కంచు తర్వాతి కాలంలోనే ఎక్కువ. ఇత్తడిని కరిగించి మళ్లీ పోసిన ప్రతిసారీ కొంత జింకు ఆవిరైపోతుంది కాబట్టి, పాత నాణేలు కరిగించి కొత్తవి కొట్టేకొద్దీ జింకు తగ్గుతూ వచ్చింది. మూడో శతాబ్దానికి వచ్చేసరికి తగరం, సీసం కూడా బాగా కలిసిపోయాయి. అందుకే లోహం రంగుని బట్టి తేల్చే పద్ధతి మొదటి రెండు శతాబ్దాల నాణేలకి బాగా పనిచేస్తుంది, ఆ తర్వాత వాటికి అంతగా నమ్మకండి.

సెస్టర్టియస్, డుపాండియస్, ఆస్ అంటారు, వీటిలో నాది ఏదో ఎలా తెలుస్తుంది?

0.01 గ్రాము దాకా చూపించే జ్యువెలరీ స్కేల్ ఒకటి, వెర్నియర్ క్యాలిపర్ ఒకటి కొనుక్కోండి. ఇవి లేకుండా ఈ హాబీలో ముందుకెళ్లడం కష్టం, ఫోటో చూసి ఎవరైనా హెల్ప్ చేయాలన్నా ముందు అడిగేది ఈ రెండు నంబర్లే.

సెస్టర్టియస్ ఇత్తడిది, పెద్దది, 32 నుంచి 35 మిల్లీమీటర్లు, మంచి కాలంలో 25 గ్రాముల దగ్గర. చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది, దీన్ని ఇంకోదాంతో కన్ఫ్యూజ్ అవ్వరు. డుపాండియస్ కూడా ఇత్తడిదే, 27, 28 మిల్లీమీటర్లు, 12, 13 గ్రాములు. ఆస్ రాగిది, దాదాపు అదే సైజు, 10, 11 గ్రాములు. క్వాడ్రన్స్ చిన్న రాగి బిళ్ళ, 3 గ్రాములు ఉంటుంది, చాలావాటి మీద చక్రవర్తి తల కూడా ఉండదు. క్లాడియస్ చక్రవర్తి క్వాడ్రన్స్ మీద అయితే ధాన్యం కొలిచే పాత్ర గానీ త్రాసు పట్టుకున్న చెయ్యి గానీ ఉంటుంది, అది చూడగానే తెలిసిపోతుంది.

లెక్క ఇలా ఉండేది: ఒక వెండి డెనారియస్‌కి 4 సెస్టర్టియస్‌లు, ఒక సెస్టర్టియస్‌కి 2 డుపాండియస్‌లు లేదా 4 ఆస్‌లు, ఒక ఆస్‌కి 4 క్వాడ్రన్స్‌లు. ఒకటి గుర్తుంచుకోండి, వందల ఏళ్లు తిరిగి అరిగి, మట్టిలో తిని, బరువు తగ్గి ఉంటుంది, కాబట్టి 20 గ్రాములు తూగినా సెస్టర్టియస్ అవ్వొచ్చు. మూడో శతాబ్దం సెస్టర్టియస్‌లు కొట్టినప్పుడే తేలిక, అంచు కూడా గుండ్రంగా కాకుండా చదరానికి దగ్గరగా ఉంటుంది.

డుపాండియస్, ఆస్ ఒకే సైజు అన్నారు, మరి వాటి మధ్య తేడా?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, ఓపిగ్గా చూస్తే తేలుతుంది. నీరో కాలం నుంచి, అంటే క్రీ.శ. 64 ప్రాంతం నుంచి, డుపాండియస్ మీద చక్రవర్తికి సూర్యకిరణాల్లాంటి ముళ్ల కిరీటం పెట్టడం మొదలైంది, ఆస్ మీద ఆకుల దండ గానీ ఉత్త తల గానీ. ఆ తర్వాత చక్రవర్తులకి ఇది బాగానే పనిచేస్తుంది. పేరు మొత్తం అరిగిపోయినా నుదుటి పైన నాలుగు ముళ్లు కనబడితే చాలు.

ఎక్సెప్షన్లు ఉన్నాయి. చనిపోయిన అగస్టస్ కోసం టైబీరియస్ కొట్టించిన నాణేల మీద కిరణాల కిరీటం ఉంటుంది, బొరుసు వైపు బలిపీఠం, కింద ప్రొవిడెంట్ అని అక్షరాలు, అది డుపాండియస్ కాదు, ఆస్. ఇది చాలా కామన్ నాణెం కాబట్టి ముందే చెప్తున్నా. ఇక రాణుల నాణేల్లో కిరీటం రూల్ ఉండదు, అక్కడ లోహం, బరువే దిక్కు. రెండూ తేల్చి చెప్పకపోతే "ఆస్ లేదా డుపాండియస్" అని రాసుకోండి, మ్యూజియం వాళ్లు కూడా అలాగే రాస్తారు, అందులో తప్పేం లేదు.

పైన మొత్తం చిలుము పట్టి ఉంటే ఇత్తడో రాగో ఎలా కనుక్కోవాలి?

గీకొద్దు, ఆకురాయితో అంచు రుద్దొద్దు. చాలా నాణేలకి ఎత్తుగా ఉన్న చోట, అంటే చెవి మీద, గడ్డం అంచున, భుజం దగ్గర సహజంగానే అరిగి లోహం తొంగి చూస్తూ ఉంటుంది. పగటి వెలుతురులో పది రెట్ల భూతద్దం పెట్టి చూడండి. పసుపు మెరుపు ఉంటే ఇత్తడి, ఎర్రగా ఉంటే రాగి. నదిలో దొరికిన ఇత్తడి నాణేలు చిలుము లేకుండా పసుపు రంగులోనే ఉంటాయి, టైబర్ నదిలోంచి వచ్చినవి దీనికి బాగా ఫేమస్.

ఎస్ సి అని రెండు పెద్ద అక్షరాలున్నాయి, చక్రవర్తి పేరా?

కాదు. సెనాటస్ కన్సల్టో, అంటే సెనేట్ తీర్మానం ప్రకారం అని. అగస్టస్ నుంచి మూడో శతాబ్దం మధ్య దాకా రోమ్‌లో కొట్టిన ఇత్తడి, రాగి నాణేల మీద దాదాపు అన్నిటికీ ఉంటుంది, బొరుసు వైపు బొమ్మకి అటొకటి ఇటొకటి, లేదా కింద. ఇది కనిపిస్తే చాలు, మీ నాణెం సుమారు క్రీ.శ. 270 కంటే ముందుదని చెప్పేయొచ్చు. ఒక్కటి చూసుకోండి, ఆకుల దండ మధ్యలో ఎస్ సి మాత్రమే పెద్దగా ఉండి వేరే బొమ్మ లేకపోతే అది చాలావరకు సిరియాలోని ఆంటియోక్‌లో కొట్టింది.

ముఖం చూసి ఎవరో చెప్పొచ్చా?

మొదటి మూడు శతాబ్దాల వాళ్లని చాలావరకు చెప్పొచ్చు, ఎందుకంటే అచ్చు చెక్కినవాళ్లు నిజంగా మనిషిని చూసినట్టే చెక్కారు. నేను ఎవరికైనా ముందు గడ్డం చూడమంటాను. హాడ్రియన్, అంటే 117లో వచ్చినాయన, గడ్డంతో కనిపించిన మొదటి పెద్ద చక్రవర్తి. ఆయనకి ముందు వాళ్లంతా దాదాపు నున్నటి గడ్డాలు, తర్వాత రెండు వందల ఏళ్లు ఎక్కువమంది గడ్డాలవాళ్లే. మళ్లీ కాన్‌స్టంటైన్ గడ్డం తీసేశాడు, ఆయన తర్వాతి వాళ్లూ అంతే, మధ్యలో ముఖ్యంగా జూలియన్ పెంచాడు.

ఆ తర్వాత మెడ, ముక్కు, జుట్టు. నీరో చివరి ఏళ్ల నాణేల మీద మెడ లావుగా, గడ్డం కింద కొవ్వు, నుదుటి మీద జుట్టు మెట్లుమెట్లుగా ఉంటుంది. వెస్పేషియన్ బట్టతల, వెడల్పు మొహం, మోటు రైతులా ఉంటాడు. నెర్వాది పొడుగు వంకర ముక్కు, సన్నటి మెడ. ట్రాజన్‌కి నుదుటి మీదకి తిన్నగా దువ్విన జుట్టు, నున్నటి గడ్డం. ఆంటొనైనస్ పయస్ పొడుగు మొహం, శాంతంగా ఉంటాడు, ఆయన దత్తపుత్రుల్లో లూసియస్ వీరస్ గడ్డం అందరికంటే పొడుగు. సెప్టిమియస్ సెవెరస్ గడ్డం కింద రెండు పాయలుగా చీలి ఉంటుంది. కరకల్లా పెద్దయ్యాక ఎప్పుడూ కనుబొమలు ముడిచే ఉంటాడు. మాక్సిమినస్ థ్రాక్స్ కింది దవడ ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, మొహం చెరిగిపోయినా ఆ ఔట్‌లైన్ ఒక్కటి చాలు.

నాలుగో శతాబ్దం వాళ్ల విషయంలో మొహాలు మర్చిపోండి. అన్నీ ఒకే మూస, పెద్ద కళ్లు, తిన్నటి ముక్కు. అక్కడ బొరుసు వైపు, అక్షరాలే చెప్తాయి.

ఆడవాళ్ల బొమ్మ ఉంది, రాణా దేవతా?

బొమ్మ వైపు ఉంటే దాదాపు రాణే. జడ చూడండి, ముడి చూడండి. పెద్ద ఫౌస్టినా, ఆంటొనైనస్ పయస్ భార్య, జుట్టంతా నడినెత్తిన చుట్టలా పెట్టుకుంటుంది. ఆమె కూతురు చిన్న ఫౌస్టినా ముడి మెడ వెనక ఉంటుంది. జూలియా డోమ్నాది విగ్గులాంటి ఒత్తైన అలల జుట్టు. పేరు ముందు దివా అని ఉంటే చనిపోయాక కొట్టింది, పెద్ద ఫౌస్టినా నాణేల్లో ఎక్కువ ఇవే.

బొరుసు వైపు నిలబడ్డ ఆవిడ ఎవరు? అన్నీ ఒకేలా ఉన్నాయి.

చేతిలో ఏముందో చూడండి. గుళ్లో శంఖచక్రాలు చూసి విష్ణువనీ, త్రిశూలం చూసి శివుడనీ మొహం చూడకుండానే ఎలా చెప్తామో ఇక్కడా అంతే. త్రాసు పట్టుకుంటే ఈక్విటాస్ గానీ మొనేటా గానీ, పక్కన అక్షరాలు తేలుస్తాయి. పడవ చుక్కాని, పళ్లు నిండిన కొమ్ము ఉంటే ఫార్చ్యూనా. ఆలివ్ కొమ్మ అయితే పాక్స్. పాముకి పళ్లెంలో మేత పెడుతుంటే సాలస్, ఆరోగ్య దేవత. ఒక చేత్తో పువ్వు, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తుకున్నట్టు బట్ట పైకి పట్టుకుంటే స్పెస్, ఆశకి రూపం. ధాన్యం కంకులు, కొలపాత్ర ఉంటే అన్నోనా, రోమ్‌కి వచ్చే తిండిగింజల దేవత. రెక్కలుంటే విక్టోరియా. హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటే రోమా. మగ బొమ్మ తల మీద కిరణాలు, కుడి చెయ్యి పైకెత్తి ఉంటే సోల్, సూర్యుడు. గద, సింహం తోలు ఉంటే హెర్క్యులస్.

కథ చెప్పే బొమ్మలు వేరే ఉంటాయి, అవి నాకు చాలా ఇష్టం. ఖర్జూరం చెట్టు కింద కూర్చుని ఏడుస్తున్న స్త్రీ ఉంటే వెస్పేషియన్, టైటస్‌ల కాలంలో యూదుల దేశం జుడియాని ఓడించినందుకు కొట్టినవి. టైటస్ 80, 81లో కొలోసియం బొమ్మతో సెస్టర్టియస్ కొట్టించాడు, అది మాత్రం చాలా రేర్, మీకు ఎవరైనా చీప్‌గా అమ్ముతుంటే కొనకండి. తాటిలాంటి చెట్టుకి కట్టేసిన మొసలి ఉంటే అది ఫ్రాన్స్‌లోని నీమ్ ఊరిది, బొమ్మ వైపు అగస్టస్, అగ్రిప్ప వీపులు ఆనించుకున్నట్టు ఉంటారు. వీటిని చిల్లర కోసం సగానికి నరికేవాళ్లు, కాబట్టి అరచక్రం ముక్క దొరికితే విరిగిపోయిందని పడేయకండి.

అక్షరాలన్నీ కలిపి రాసేశారు, ఎక్కడ విడగొట్టాలి?

మధ్యలో ఖాళీలుండవు, యు ఉండదు, దాని బదులు వి కొడతారు. ఇవి ఎక్కువ బిరుదుల పొట్టి రూపాలు. ఐ ఎం పి అంటే ఇంపెరేటర్. సి, లేదా సి ఎ ఇ ఎస్ అంటే సీజర్. ఎ వి జి అంటే అగస్టస్. పి ఎం అంటే ప్రధాన పూజారి. టి ఆర్ పి అంటే ట్రిబ్యూన్ అధికారం. సి ఓ ఎస్ అంటే కాన్సల్, రోమ్‌లో పెద్ద పదవి. పి పి అంటే దేశపిత. నాలుగో శతాబ్దంలో ఐ ఎం పి బదులు డి ఎన్, అంటే మా ప్రభువు. ఎన్ ఓ బి సి ఉంటే ఇంకా చక్రవర్తి కాలేదు, వారసుడు. ఈ బిరుదుల్ని పెన్సిల్‌తో కొట్టేస్తూ పోతే మిగిలేదే పేరు. ఎ వి జి చివర జి ఎన్నిసార్లుందో కూడా చూడండి, రెండు జీలుంటే ఇద్దరు చక్రవర్తులు, మూడుంటే ముగ్గురు.

సంవత్సరం ఎక్కడుంటుంది?

మనం అనుకునే సంవత్సరం నంబర్ ఏ రోమన్ నాణెం మీదా ఉండదు, ఉంటే అది రోమన్ కాదు. కానీ టి ఆర్ పి పక్కన నంబర్ ఏటా పెరుగుతుంది, అది చదవగలిగితే ఏడాది దొరికినట్టే. ఆంటొనైనస్ పయస్ ఆస్ మీద విచారంగా కూర్చున్న బ్రిటానియా ఉంటుంది కదా, దాని మీద టి ఆర్ పి 18 అని ఉంటుంది, అంటే 154, 155. సి ఓ ఎస్ నంబర్ కొంచెం లూజ్‌గా ఉంటుంది. ట్రాజన్‌కి సి ఓ ఎస్ 5 అంటే 103 నుంచి 111, సి ఓ ఎస్ 6 అంటే 112 నుంచి 117. హాడ్రియన్ 119లో మూడోసారి కాన్సల్ అయ్యి ఆగిపోయాడు, కాబట్టి ఆయన సి ఓ ఎస్ 3 నుంచి పెద్దగా ఏం తేలదు, 138 దాకా అదే.

చిన్నది, 20 మిల్లీమీటర్లు, 3 గ్రాములు, తల మీద ముళ్ల కిరీటం. డుపాండియస్ కాదా?

కాదు, అది ఆంటొనీనియానస్ అంటారు. 215లో కరకల్లా మొదలుపెట్టినప్పుడు వెండిది. తర్వాత యాభై ఏళ్లలో వెండి తగ్గించుకుంటూ వచ్చి, గాలియనస్ ఒక్కడే ఏలిన 260, 268 మధ్య కాలానికి రాగి మీద వెండి పూత లాగా అయిపోయింది. పూత ఇప్పుడు చాలావాటికి పోయి నల్లగా, గోధుమరంగులో కనబడతాయి, అక్షరాల సందుల్లో మాత్రం కొంచెం తెల్లగా మిగిలి ఉంటుంది. గాలియనస్ కాలంవి జింకలు, మేకలు, చిరుతలు, గుర్రం-చేప కలిసిన జంతువులతో ఒక సిరీస్ ఉంది, ఒక్కో జంతువు ఒక్కో దేవుడిది, కలెక్ట్ చేయడానికి చాలా బాగుంటాయి. కింద ఎక్స్ ఎక్స్ ఐ అని ఉంటే 274లో ఆరేలియన్ సంస్కరణ తర్వాతవి, ఇరవై పాళ్ల రాగికి ఒక పాలు వెండి అని ఎక్కువమంది చెప్పే అర్థం.

అదే కాలంలో ఇప్పటి ఫ్రాన్స్, బ్రిటన్ వైపు పోస్టుమస్, విక్టోరినస్, టెట్రికస్ అని వేరు రాజ్యం నడిపారు, వాళ్ల నాణేలు కుప్పలుగా దొరుకుతాయి. ఇంగ్లండ్‌లో ఫ్రోమ్ దగ్గర 2010లో ఒకే కుండలో 52,503 నాణేలు దొరికాయి, ఎక్కువ ఈ రకమే. బొమ్మలు పిల్లలు గీసినట్టు వంకరగా, అక్షరాలు అర్థం లేకుండా, 10, 14 మిల్లీమీటర్లు ఉంటే అవి చిల్లర కరువులో స్థానికంగా కొట్టుకున్న నకళ్లు. ఇవీ అప్పటివే, ఇప్పటి ఫేక్ కాదు, వీటికి కూడా చరిత్ర ఉంది, తీసిపారేయకండి.

పెద్దది, 27 మిల్లీమీటర్లు, ఎస్ సి లేదు, కిరీటం ముళ్లు లేవు?

అయితే డయోక్లీషియన్ చక్రవర్తి కాలానికి వచ్చారు. 294 ప్రాంతంలో ఆయన కొత్త పెద్ద నాణెం తెచ్చాడు, దాదాపు 10 గ్రాములు, కొద్దిగా వెండి కలిపి పైన పూత. కలెక్టర్లు ఫోలిస్ అంటారు. బొరుసు వైపు సగం ఒంటి మీద బట్టతో, పళ్లెం, కొమ్ము పట్టుకున్న యువకుడు, చుట్టూ జెనియో పొపులి రొమాని అని ఉంటే అదే. కొన్నేళ్లలోనే ఇది చిక్కిపోతూ వచ్చింది, 310 తర్వాత చూస్తే 4, 5 గ్రాములు కూడా లేదు. అంటే ఈ కాలంలో బరువే ఒక రకంగా తేదీ.

నా దగ్గరున్నవన్నీ 15 నుంచి 20 మిల్లీమీటర్ల చిన్న బిళ్ళలు. వీటి సంగతేంటి?

ఆన్‌లైన్‌లో లాట్‌గా అమ్మే క్లీన్ చెయ్యని నాణేల్లో ఎక్కువ భాగం ఇవే, కాన్‌స్టంటైన్, ఆయన కుటుంబం, తర్వాతి వాళ్లవి. ఇక్కడ బొమ్మ తిప్పేసి బొరుసుతోనే మొదలుపెట్టండి, నా ఎక్స్‌పీరియన్స్‌లో అదే ఫాస్ట్.

సూర్యుడు నిలబడి సోలి ఇన్విక్టో కొమిటి అని ఉంటే సుమారు 310 నుంచి 318. పైన రెండు బురుజులు, మధ్యలో నక్షత్రం ఉన్న కోట ద్వారం అయితే ఎక్కువగా 324 నుంచి 330. ఇద్దరు సైనికులు, మధ్యలో రెండు జెండాలు ఉంటే గ్లోరియా ఎక్సెర్సిటస్ అని రాసినవి, 330 నుంచి 335. అదే ఇద్దరి మధ్య ఒకే జెండా ఉంటే 335 తర్వాత, 341 దాకా, సైజు కూడా తగ్గుతుంది. అక్షరం ఒక్కటి చదవకుండా జెండాలు లెక్కపెట్టి తేదీ చెప్పేయడం ఎంత బాగుంటుందో చూడండి. తోడేలు కింద ఇద్దరు పిల్లలు పాలు తాగుతుంటే రోమ్ నగరం పేరు మీద కొట్టింది, పడవ ముందుభాగం మీద విక్టోరియా నిలబడితే కాన్‌స్టాంటినోపుల్ పేరు మీద, రెండూ 330 నుంచి. తలకి ముసుగు కప్పి, బొరుసు వైపు నాలుగు గుర్రాల రథం ఆకాశంలోకి వెళ్తుంటే 337లో కాన్‌స్టంటైన్ చనిపోయాక కొట్టింది, పైనుంచి ఒక చెయ్యి కిందికి వస్తూ ఉంటుంది.

348 నుంచి ఫెల్ టెంప్ రెపరేషియో అని రాసినవి వస్తాయి. ఇందులో గుర్రం మీంచి పడుతున్న శత్రువుని సైనికుడు ఈటెతో పొడిచే బొమ్మ ఎంత కామన్ అంటే ప్రతి లాట్‌లో ఉంటుంది, తర్వాత గుడిసె, ఫీనిక్స్ పక్షి, ఓడ కూడా ఉన్నాయి. గడ్డం ఉన్న రాజు, వెనక ఎద్దు, పైన రెండు నక్షత్రాలు, బరువు 8 గ్రాములు ఉంటే జూలియన్, 361 నుంచి 363, ఇది పెద్ద నాణెం. చక్రవర్తి ఒక ఖైదీని జుట్టు పట్టి లాక్కెళ్తుంటే గ్లోరియా రొమానోరం, విక్టోరియా దండ పట్టుకుని నడుస్తుంటే సెక్యూరిటాస్ రెయిపబ్లికే, రెండూ 364 తర్వాత వాలెంటీనియన్, వాలెన్స్, గ్రేషియన్‌ల కాలంవి. ఇంకా చిన్నది, 12, 13 మిల్లీమీటర్లు, విక్టోరియా ఖైదీని ఈడుస్తుంటే సాలస్ రెయిపబ్లికే, 388 తర్వాత.

కాన్‌స్టాన్ దాకా చదివాను, మిగతాది పోయింది. ఎవరు?

పెద్ద కాన్‌స్టంటైన్, కొడుకు చిన్న కాన్‌స్టంటైన్, ఇంకో కొడుకు కాన్‌స్టాంటియస్, మూడోవాడు కాన్‌స్టాన్స్, తాత కాన్‌స్టాంటియస్, మళ్లీ ఆ కుటుంబంలోనే గాలస్ అనే వారసుడికి కూడా నాణేల మీద కాన్‌స్టాంటియస్ అనే పేరే. పేరుకంటే బిరుదు ఎక్కువ చెప్తుంది. మాక్స్ ఎ వి జి అని ఉంటే పెద్దాయన. ఐ వి ఎన్ ఎన్ ఓ బి సి అంటే జూనియర్, చిన్న కాన్‌స్టంటైన్. ముందు ఎఫ్ ఎల్ ఐ వి ఎల్ ఉండి చివర ఎన్ ఓ బి సి ఉంటే వారసుడిగా ఉన్నప్పటి కాన్‌స్టాంటియస్ గానీ కాన్‌స్టాన్స్ గానీ. డి ఎన్ కాన్‌స్టాంటియస్ పి ఎఫ్ ఎ వి జి, తలకి ముత్యాల పట్టీ, వెనక గుర్రం మీంచి పడే శత్రువు ఉంటే రెండో కాన్‌స్టాంటియస్, 361లో చనిపోయాడు. అదే బొమ్మకి ముందు వైపు తల ఉత్తగా, పట్టీ లేకుండా ఉంటే గాలస్ లేదా వారసుడిగా ఉన్న జూలియన్. తాతవి 306కి ముందు పెద్ద ఫోలిస్‌లు, సైజుతోనే తేలిపోతాడు.

కింద గీత కింద కొన్ని అక్షరాలున్నాయి, అవేంటి?

టంకశాల గుర్తు, అంటే నాణెం ఏ ఊళ్లో కొట్టారో చెప్పేది. మూడో శతాబ్దం చివర నుంచి దాదాపు అన్నిటికీ ఉంటుంది. పి ఎల్ ఎన్ అంటే లండన్, అది 325లో మూసేశారు. టి ఆర్ అంటే ట్రియర్, ఎస్ ఐ ఎస్ అంటే సిస్కియా, ఎస్ ఎం ఎన్ నికోమీడియా, ఎస్ ఎం కె సైజికస్, ఎస్ ఎం టి ఎస్ థెస్సలోనికా, ఎస్ ఎం ఎ ఎన్ ఆంటియోక్, ఎ ఎల్ ఇ అలెగ్జాండ్రియా. అటూ ఇటూ ఉండే ఒక్క అక్షరం ఏ వర్క్‌షాప్‌లో కొట్టారో చెప్తుంది, పడమట పి, ఎస్, టి లాంటి లాటిన్ అక్షరాలు, తూర్పున ఎక్కువగా గ్రీకు ఆల్ఫా, బీటా, గామా. సి ఓ ఎన్ ఎస్ చూడగానే కాన్‌స్టాంటినోపుల్ అని రాసేయకండి, ఫ్రాన్స్‌లోని ఆర్ల్ కూడా కొంతకాలం సి ఓ ఎన్ ఎస్ టి వాడింది. వర్క్‌షాప్ అక్షరం ముందుంటే ఆర్ల్, వెనకుంటే కాన్‌స్టాంటినోపుల్, ఇది చాలావరకు కరెక్ట్.

అక్షరాలు గ్రీకులో ఉన్నాయి, రోమన్ కాదా?

రోమన్ సామ్రాజ్యానిదే, కానీ తూర్పు ఊళ్లు తమ చిల్లర తామే కొట్టుకున్నవి. ప్రొవిన్షియల్ అంటారు. ఇక్కడ పైన చెప్పిన సైజు, బరువు లెక్కలు పనిచేయవు. బొరుసు వైపు ఊరి పేరు ఉంటుంది, అది పట్టుకుంటే చాలు.

చింతపండు పెట్టి తోమితే మెరుస్తుంది కదా?

మెరుస్తుంది, నాణెం పోతుంది. ఆ చిలుము పొరలోనే బొమ్మ గీతలు నిలబడి ఉంటాయి, పులుపు దాన్ని తినేస్తే కింద గుంటలు పడ్డ గులాబీ రంగు రాగి మిగులుతుంది, ఇంక దాన్ని ఎవరూ గుర్తుపట్టలేరు. నిమ్మకాయ, వెనిగర్, గిన్నెలు తోమే పొడి, అన్నీ ఇంతే. డిస్టిల్డ్ వాటర్‌లో వేసి వదిలేయండి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి, వారాలు పట్టినా పర్లేదు, మెత్తబడ్డ మట్టిని టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. నున్నటి ముదురు ఆకుపచ్చ, గోధుమ, నలుపు పొర కనబడగానే ఆపేయండి.

లేత ఆకుపచ్చ పొడి రాలుతోంది, అదీ చిలుమేనా?

కాదు, అది రోగం. బ్రాంజ్ డిసీజ్ అంటారు, లోహంలో ఉన్న క్లోరైడ్లు గాలిలో తేమతో కలిసి లోపల నుంచి తినేస్తాయి. గట్టిగా నున్నగా ఉంటే చిలుము, పొడిగా గోరుకి అంటుకుంటే రోగం. వెంటనే మిగతా వాటి నుంచి విడిగా పెట్టండి, పొడి తీసేసి, సోడియం సెస్క్వికార్బొనేట్ ద్రావణంలో నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి బాగా ఆరబెట్టాలి. వైజాగ్, కాకినాడ, చెన్నై లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉండేవాళ్లు గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోవాలి, ప్యాకెట్లు అప్పుడప్పుడు మార్చాలి. పీవీసీ కవర్లలో మాత్రం పెట్టకండి.

ఫేక్ అని ఎలా తెలుస్తుంది?

అసలు నాణేలు సుత్తితో కొట్టినవి, పోతపోసినవి తక్కువ. అంచు చుట్టూ సన్నటి జాయింట్ గీత, పైన చిన్న చిన్న బుడగ గుంటలు, సబ్బు అరిగినట్టు మెత్తటి అక్షరాలు ఉంటే పోత నకలు. ఒకే నాణెం, అదే పగులు, అదే మచ్చతో రెండు చోట్ల అమ్మకానికి కనబడితే రెండూ అనుమానమే. పెద్ద సెస్టర్టియస్‌ల విషయంలో ఇంకో మోసం ఉంది, అసలు నాణేన్నే తీసుకుని అరిగిన జుట్టు, బట్టల మడతలు ఉలితో మళ్లీ చెక్కుతారు, పక్కన ఖాళీ జాగా అసహజంగా చదునుగా ఉంటే ఆ పని జరిగినట్టే. 16వ శతాబ్దంలో పాడువాలో జియోవాని కావినో చేసిన సెస్టర్టియస్ నకళ్లు వేరే కథ, అవే ఇప్పుడు కలెక్టర్లకి విలువైనవి. ఇక నెపోలియన్ వంశం వాళ్ల 19వ శతాబ్దపు రాగి నాణేల్లో ఆకుల దండ తల చూసి రోమన్ అనుకునేవాళ్లు చాలామంది, వాటికి అంచు మెషిన్‌లో కొట్టినట్టు గుండ్రంగా, కింద సంవత్సరం ఉంటుంది.

మన వైపు రోమన్ చిల్లర దొరుకుతుందా?

తెలుగు నేల మీద దొరికినవాటిలో పేరున్నవి వెండి, బంగారం. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో వెండి డెనారియస్‌లు 1,500కు పైగా ఒకేచోట బయటపడ్డాయి, వినుకొండలో బంగారువి. రాగి చిల్లర ఎక్కువ దొరికేది తమిళనాడులో, కరూర్ దగ్గర అమరావతి నది, మదురై వైపు, అలాగే శ్రీలంకలో, అవి నాలుగు, ఐదో శతాబ్దాల చిన్న బిళ్ళలు, పైన చెప్పిన గుర్రం మీంచి పడే శత్రువు, సాలస్ రెయిపబ్లికే లాంటివే. శ్రీలంకలో వాటికి స్థానికంగా నకళ్లు కూడా కొట్టారు. తమిళనాడు వైపు దొరికినవి చూడాలంటే చెన్నై ఎగ్మోర్ మ్యూజియం కలెక్షన్ చాలా పెద్దది.

కొండాపూర్, ధూళికట్ట, పెదబంకూరు లాంటి చోట్ల పొలాల్లో కనబడే చిన్న సీసం, రాగి బిళ్ళలు మాత్రం చాలావరకు శాతవాహనులవి. ఏనుగు, నాలుగు గుండ్రాలు కలిపిన ఉజ్జయిని గుర్తు, బ్రాహ్మీ అక్షరాలు ఉంటే అవే, రోమన్ కాదని నిరాశపడాల్సిన పనే లేదు. కొండాపూర్‌లో రోమన్ నాణెం బొమ్మని మట్టిలో అచ్చువేసి మెడలో వేసుకున్న బిళ్ళలు కూడా దొరికాయి, అంటే అప్పట్లో మనవాళ్లకి ఆ నాణెం నగ కూడా అయింది.

పొలంలో దొరికితే ఉంచుకోవచ్చా?

1878 ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి, పది రూపాయలకు మించిన విలువున్నది ఏది దొరికినా కలెక్టర్‌కి తెలపాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాని వ్యాపారానికి లైసెన్స్ కావాలి, మామూలు మనుషులు దేశం బయటికి పంపడం నేరం. అందుకే విదేశాల్లో ఉన్న మనవాళ్లకి ఇక్కడి నుంచి గిఫ్ట్‌గా పంపొద్దు. దొరికిన చోటు ముఖ్యం, లోతు, పక్కన ఉన్న కుండపెంకులు ముఖ్యం, కాబట్టి కడగకుండా ఫోటో తీసి రెవెన్యూ వాళ్లకి గానీ పురావస్తు శాఖకి గానీ చెప్పండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఉండి మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగే తెలుగువాళ్లు అక్కడి 1996 ట్రెజర్ చట్టం చదువుకోండి, ఒకేచోట పది, అంతకు మించి రాగి నాణేలు దొరికితే రిపోర్ట్ చేయాల్సిందే.

ఇంత చేశాక కరెక్ట్ నంబర్ ఎక్కడ వెతకాలి?

అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ఓసీఆర్ఈ అనే ఆన్‌లైన్ రోమన్ నాణేల డేటాబేస్ ఫ్రీగా ఉంది. చక్రవర్తి, నాణెం రకం, బొరుసు బొమ్మ, టంకశాల సెలెక్ట్ చేస్తే ఫోటోలతో సహా వస్తాయి, ఆర్‌ఐసీ నంబర్, అంటే రోమన్ ఇంపీరియల్ కాయినేజ్ అనే పుస్తకాల్లో ఆ రకం నాణేనికి ఇచ్చిన నంబర్ కూడా అక్కడే. అయినా తేలకపోతే ఎవరినైనా అడిగేటప్పుడు రెండు వైపుల ఫోటో, పక్కనుంచి పడే ఒకే లైట్‌లో, ఫ్లాష్ లేకుండా తీసి పంపండి. బరువు, సైజు రాయండి. బొమ్మ వైపు నిటారుగా పట్టుకుని నిలువు ఇరుసు మీద తిప్పితే బొరుసు నిటారుగా వస్తుందో తలకిందులుగా వస్తుందో కూడా రాయండి, రోమన్ వాటికి మామూలుగా ఈ రెండింటిలో ఒకటి అవుతుంది, బాగా వంకరగా వస్తే అసలుదేనా అని ఇంకోసారి చూడాలి. కనబడిన అక్షరాలు కనబడినట్టే రాయండి, పోయిన చోట చుక్కలు పెట్టండి, ఊహించి నింపకండి.